లోపలి గది భోజనం

బస్సు కండక్టరు ఉద్యోగంలో చేరేవాళ్లకు శిక్షణలో చాలా చెబుతారు. టిక్కెట్ మిషన్ ఎలా వాడాలి, తాగి ఎక్కినవాడితో ఎలా మాట్లాడాలి, చిల్లర దగ్గర గొడవ రాకుండా ఎలా చూసుకోవాలి, అన్నీ చెబుతారు. మధ్యాహ్నం భోజనానికి బస్సు ఆగినప్పుడు కండక్టరు ఎక్కడ కూర్చుని తినాలో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పరు. అది సీనియర్ల దగ్గర నేర్చుకోవలసిన విద్య. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, ఆ విద్య నాకు ఎలా వంటబట్టిందో, ఆ తర్వాత ఎలా అరగకుండా పోయిందో, కొత్తగా ఖాకీ వేసుకుంటున్న పిల్లలకు చెప్పాలనిపించింది.

ఉద్యోగం చివరి భాగంలో ఆరేడేళ్లు నేను కర్నూలు నుంచి రాజంపేటకు పోయే బస్సులో పనిచేశాను. పొద్దున పదికి కర్నూలులో బయలుదేరితే నంద్యాల, ఆళ్లగడ్డ దాటేసరికి ఒంటిగంట అయ్యేది. ఎండాకాలమైతే ఆ వేళకు కిటికీ రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేది. సీట్లలో జనం సగం నిద్రతో, సగం ఆకలితో వాలిపోయి ఉండేవాళ్లు. అప్పుడు హైవే పక్కన ఒక హోటల్ ముందు మా డ్రైవర్ బస్సు ఆపి, "భోజనం, ఇరవై నిమిషాలు" అని కేక వేసేవాడు.

హోటల్ పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు, అలాంటివి మీరూ చూసే ఉంటారు. గోడ మీద "శుచి, రుచి, మర్యాద" అని పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ మూడూ గోడ మీద క్షేమంగా ఉండేవి, కిందికి దిగి ఎవరినీ ఇబ్బంది పెట్టేవి కావు. అన్నం ఒక ముద్ద మెత్తగా, ఇంకో ముద్ద పలుకుగా ఉండేది. పప్పు అని చెప్పి పోసేదాంట్లో కందిపప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. సాంబారులో ప్లేటుకొక ములక్కాయ ముక్క తేలేది. రోజూ అదే ముక్క తిరిగి వస్తోందేమోనని ఒక ప్రయాణికుడు నాతోనే అన్నాడు. పెరుగు అడిగితే వచ్చేది కాదు. అడగకపోతే సరేసరి.

ఇక వడ్డన. అక్కడ వడ్డించే మనిషి ఒకడుండేవాడు. నలభై దాటినవాడు, సన్నగా, భుజం మీద తువ్వాలుతో, చేతిలో బకెట్‌తో. ఆయన నోటి నుంచి ఒక మంచి మాట రావడం బయటి హాల్లో ఎవరూ వినలేదు.

"కూసుంటే కూసో, లేకుంటే లెయ్. నీ ఎనక్కాల పదిమంది నిలబడినారు" అనేవాడు. ఎవరైనా రెండోసారి అన్నం అడిగితే, "మల్లా యాడిదప్పా? పెండ్లి ఇల్లనుకుంటివా?" అని అందరికీ వినబడేలా అనేవాడు. అడిగినవాడు తల వంచుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచేవాడు. పదిహేను నిమిషాలకే హాలు ఖాళీ. ఇంత చురుకైన హోటల్ ఇంకోటి లేదని మేం మెచ్చుకునేవాళ్లం.

మేమంటే డ్రైవరూ నేనూ. మాకు ఆ హాలుతో పని లేదు. పక్క సందులోంచి వెళ్తే వంటింటి వెనక ఒక గది ఉండేది. దానికి తెర, లోపల ఫ్యాను, చెయ్యి కడుక్కోవడానికి సబ్బు కూడా. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి పచ్చడి, కత్తితో కోస్తే ముక్కలయ్యేంత గడ్డ పెరుగు. అదంతా మాకు ఊరికే. నలభైమందిని తెచ్చి దింపినందుకు కృతజ్ఞత అనుకోండి. ఆ కృతజ్ఞత ఖర్చు ఆ నలభైమంది ఎందుకు భరిస్తున్నారో అని మాత్రం మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

వింత ఏమిటంటే, లోపల మాకు వడ్డించేదీ ఆ తువ్వాలు మనిషే. తెర దాటగానే ఆయన గొంతు మారిపోయేది. "అక్కా, ఇంకో ముక్క ఏసుకో. నా మీద ఒట్టు. ఈ రోజు ఏం తినల్యా నువ్వు" అని బతిమాలేవాడు. నేను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టేదాన్ని, వేళ్ల మధ్య సందు వదిలిపెట్టి.

ప్రయాణికులు అడక్కపోలేదు. "కండక్టరమ్మా, ఇంకో హోటల్ దగ్గర ఆపరాదా?" అనేవాళ్లు. నా దగ్గర జవాబు తయారుగా ఉండేది: "పైనుంచి ఆర్డర్, మా చేతుల్లో ఏముందప్పా?" అది పచ్చి అబద్ధం. డిపో ఇచ్చిన, ఆపదగిన హోటళ్ల జాబితాలో ఇంకోటి కూడా ఉంది. అక్కడికి నాలుగు కిలోమీటర్ల ముందు, ఒక ముసలి దంపతులు నడిపే మెస్సు. రేకుల కప్పు, ఆరు బల్లలు, శుభ్రమైన భోజనం. కానీ అక్కడ లోపలి గది లేదు. డ్రైవరు వచ్చినా, కలెక్టరు వచ్చినా ఒకే గిన్నెలోంచి ఒకే గరిటెతో పెట్టేవాళ్లు. అంత అవమానం భరించే డ్రైవర్ మా డిపోలో ఒక్కడూ లేడు.

మా డ్రైవర్ మంచి మనిషి, అది ముందే చెప్పాలి. రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. దారిలో ముసలివాళ్లు చెయ్యెత్తితే స్టాపు కాకపోయినా ఆపేవాడు. స్టీరింగ్ ముందు ఎంత నిదానమో, నాటుకోడి ముందు అంత తొందర. మా ఇద్దరికీ ఆరేడేళ్లలో ఒక్కసారీ మాట తేడా రాలేదు. వచ్చిందంటే అది మా అత్త వల్ల.

మా అత్తది ఆదోని వైపు పల్లె. జీవితమంతా పొలంలో కూలి చేసి, నోట్లో పండ్లు రాలిపోయినా మాటల్లో పదును రాలని మనిషి. ఆమె దగ్గర నేను గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ హోటల్లో నాకెంత మర్యాదో, అడక్కుండానే ముక్కలు ఎలా వేస్తారో, ఓనరే వచ్చి ఎలా పలకరిస్తాడో. ఆమె విని, "మా కోడలు తినేకి పోతే మంత్రి వచ్చినట్లంట" అని పక్కింటివాళ్లకు చెప్పేది. అందులో వెటకారం ఎంతో, గర్వం ఎంతో నాకు అంతుపట్టేది కాదు.

ఒకసారి రాజంపేటలో మా బంధువుల ఇంట పేరు పెట్టే వేడుక ఉంటే సెలవు పెట్టి అత్తను తీసుకుని బయలుదేరాను. మా బస్సే, కానీ ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు వేరే. నాకు ముఖపరిచయం లేని జంట. నేను చీర కట్టుకుని, కిటికీ పక్క సీట్లో, అందరిలాగా కూర్చున్నాను. హోటల్ దగ్గర బస్సు ఆగింది.

"రా అత్తా, చూద్దువు గానీ ఎట్ల మర్యాద చేస్తారో" అన్నాను.

పక్క సందులోంచి పోయి ఉంటే ఈ కథే లేదు. కానీ అత్తను తీసుకుని సందులోంచి దొంగలా ఎందుకనిపించి ముందు తలుపులోంచి వెళ్లాను. అన్నేళ్లలో ఆ తలుపులోంచి లోపలికి పోవడం అదే మొదటిసారి.

నేను వచ్చానని ఎవరూ లేచి నిలబడలేదు. తడి ఆరని ప్లేట్లు మా ముందు దబ్బుమని పడ్డాయి. తువ్వాలు మనిషి వచ్చి అన్నం వేసి పోయాడు. నేను ఆయన వైపు చూసి నవ్వాను. ఆయన నా ప్లేటు వైపు చూశాడు. ఆయన బయటి హాల్లో ముఖాలు చూడడని, ప్లేట్లే చూస్తాడని అప్పుడు తెలిసింది.

అత్త రెండు మెతుకులు నోట్లో వేసుకుని, అటూ ఇటూ తిప్పి, ఆయన మళ్లీ వచ్చినప్పుడు మెల్లగా అడిగింది. "నాయనా, రోంత మెత్తగుండే అన్నం ఏమన్నా ఉండాదా? నాకు పండ్లు లేవు."

"పండ్లు లేకుంటే ఇంట్లో కూసోవాల అవ్వా. బస్సెక్కి హోటలుకు రమ్మని ఎవరు చెప్పినారు నీకు?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అత్త కొంగుతో మూతి తుడుచుకుని ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది. ఊళ్లో ఎవరైనా ఆమెను ఒక్క మాట అంటే నాలుగు తగిలించి పంపే మనిషి, అలా తల వంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా ఒళ్లు మండిపోయింది.

"ఏమప్పా, ఒకసారి తలకాయెత్తి నా మొకం చూడు" అని లేచాను.

చూశాడు. కొద్దిసేపు పోల్చుకోలేదు. తర్వాత బకెట్ కింద పెట్టేశాడు. "అయ్యో అక్కా! నువ్వా! ఖాకీ లేకపోయేసరికి గుర్తు పట్టలేకపోతి. తప్పయిపాయ. ఈడెందుకు కూసుంటివి? లోపలికి రాండి, అవ్వా, నువ్వు కూడా రా తల్లీ."

అవ్వ క్షణంలో తల్లి అయింది. ఓనర్ గల్లా వదిలి పరుగెత్తుకొచ్చాడు. మమ్మల్ని తెర వెనక్కి తీసుకుపోయారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న డ్రైవరూ కండక్టరూ అప్పటికే కోడి ముక్కల్లో మునిగి ఉన్నారు, జరిగి చోటిచ్చారు. అత్తకు సంగటి వేడిగా పెట్టి, కోడి మాంసం ఎముకలు తీసి, వేళ్లతో చిదిమి పులుసులో కలిపి పెట్టారు.

సినిమాల్లో అయితే ఆమె ప్లేటు తోసేసి లేచిపోవాలి. మా అత్త పొద్దున కాఫీ తప్ప ఏమీ తినలేదు. శుభ్రంగా తినింది. పెరుగు రెండుసార్లు వేయించుకుంది. బస్సెక్కి సీట్లో సర్దుకుని, బస్సు కదిలి చాలా దూరం పోయాక నోరు విప్పింది.

"కోడి బాగుండె."

"చెప్తి కదత్తా" అన్నాను.

"పండ్లు లేనోళ్లకు ఎట్ల పెట్టాల్నో వాళ్లకు బాగా తెలుసమ్మే. తెలవకుంటే తెలవదనుకుందుము. తెలిసీ బయట పెట్టరు." నా వైపు తిరిగింది. "బయట కూసున్నోళ్లు యాన్నుంచి వస్తారు?"

"బస్సులోంచి."

"ఎవరి బస్సు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"వాళ్లకు ఆ గంజి పోసి నీకు ఈ కోడి పెడతారని నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలుసంటే ఇంగ శానా అన్యాలం." అంతే. రాజంపేట చేరాక వేడుకకు వచ్చిన బంధువులందరికీ వరసపెట్టి చెప్పింది. "మా కోడలికి శానా మర్యాదమ్మా. చొక్కా ఇంట్లో మర్సిపోయింటే గానీ తెల్లే, ఆ మర్యాద చొక్కాకని."

మరుసటి డ్యూటీ రోజు నంద్యాలలో టీ తాగుతూ మా డ్రైవర్‌కు జరిగింది చెప్పాను. ఈ రోజు మెస్సు దగ్గర ఆపుదామన్నాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని నా వైపు జాలిగా చూశాడు.

"ఏమైందమ్మా నీకు? బీపీ మాత్రలు ఏసుకుంటాండావా?"

"జోకులొద్దన్నా. జనం తిట్టుకుంటాండారు."

"జనం యాడైనా తిట్టుకుంటారు. రోడ్డు బాగలేదని తిడతారు, వాన రాలేదని తిడతారు. అందుకని మనం కూడు మానుకోవాల్నా? నాకింక ఎన్నాళ్లుందమ్మా సర్వీసు? ఈ వయసులో నా నాటుకోడిని ఇడిపిస్తావా?"

ఒంటిగంటకు మా బస్సు మెస్సు దాటింది. ముసలాయన గడప దగ్గర నిలబడి మా బస్సు పోవడం చూశాడు, రోజూ చూసినట్టే. నాలుగు కిలోమీటర్ల తర్వాత మా డ్రైవర్ యథాప్రకారం హోటల్ ముందు ఆపి, "భోజనం, ఇరవై నిమిషాలు" అన్నాడు.

జనం లేవబోతున్నారు. నేను తలుపు దగ్గర మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. నాలుగు వాక్యాలు ఇంట్లోనే సిద్ధం చేసుకుని వచ్చాను, నోట్లోంచి రెండే వచ్చాయి.

"ఈడ భోజనం బాగుండదు. మాకు లోపల వేరే పెడతారు."

చప్పట్లు వస్తాయని ఆశపడ్డానని ఒప్పుకుంటాను. ముందు సీట్లోని పెద్దాయన, నంద్యాలలో ఎక్కినవాడు, అద్దాలు సవరించుకుని అడిగాడు. "నీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"ఆరేడేండ్ల నుంచి."

"నేను ఈ బస్సులో కడప ఆస్పత్రికి నెలనెలా పోతాండా. నెలనెలా ఈ కూడే తింటాండా. ఇంకో హోటల్ లేదా అని నిన్ను నేనే అడిగింటి. ఆర్డర్ అని నువ్వే చెప్పింటివి."

నాకు ఆయన ముఖం గుర్తు లేదు. నేనూ బస్సులో చేతులే చూస్తూ వచ్చానేమో, డబ్బు చాచే చేతులు. "అబద్ధం చెప్పినా నాయనా" అన్నాను. ఆయన క్షమించలేదు. "మంచి పని చేసినావులే" అని గొణిగి నన్ను పక్కకు జరిపి దిగిపోయాడు. మిగతావాళ్లూ దిగారు. ఆకలైన మనిషికి నిజం చెప్పినంత మాత్రాన కడుపు నిండదు కదా, అందరూ పోయి ఆ హాల్లోనే కూర్చున్నారు. నేనూ వెళ్లి వాళ్ల మధ్య ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. డ్రైవర్ నన్ను చూడనట్టు సందులోకి తిరిగాడు.

తువ్వాలు మనిషికి దిక్కు తోచలేదు. నా ప్లేటులో ఏ బకెట్‌లోది వేయాలి? వంగి గుసగుసగా, "లోపలికి రాక్కా" అన్నాడు. "ఈ రోజు ఈడనే" అన్నాను. ఆయన ఓనర్ దగ్గరికి పోయాడు. ఓనర్ నవ్వు పులుముకుని వచ్చాడు.

"ఏమ్మా, లోపల ఫ్యాను చెడిపోయిందా?"

"ఫ్యాను బాగుందన్నా. బయట ఎట్లుంటాదో చూద్దామని కూసుంటి."

అక్కడ ఆయన ఒక పొరపాటు చేశాడు. పొరపాటు కూడా కాదు, మర్యాద చేశాడు. ఖాకీ వేసుకున్న మనిషికి బయటి కూడు పెట్టడానికి మనసొప్పక, లోపలి భోజనం నా బల్ల మీదికే పంపించాడు. సంగటి ముద్ద, ఊరిబిండి, గడ్డ పెరుగు, పెద్ద గిన్నె నిండా నాటుకోడి పులుసు. అది హాల్లోకి రావడం ఆ హోటల్ చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది. వాసన ఒక్కో బల్లనూ పలకరిస్తూ వచ్చింది. ముద్దలు నోటి దాకా పోయి ఆగిపోయాయి.

నా ఎదురుగా ముగ్గురు మనుషులు కూర్చున్నారు. బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీలు, రాజంపేటలో కొత్త ఇంటి పనికి పోతున్నారు. వాళ్లలో పెద్దవాడు తువ్వాలు మనిషిని పిలిచాడు.

"ఏమప్పా, అదేందది? బోర్డు మీద మాకు కనపల్లేదే."

"అది స్టాఫుకు."

"ఓహో." మేస్త్రీ చెయ్యి ప్లేటులోంచి తీశాడు. "మేం ఎక్కకుంటే ఆ బస్సు యాడికి పోతాదప్పా? మేమూ స్టాఫే. మాకూ ఎయ్."

హాలంతా నవ్వింది. నేను గిన్నె ఆయన వైపు తోశాను. ఆయన ఒక ముక్క తీసుకుని గిన్నె పక్కవాడికి ఇచ్చాడు, పక్కవాడు వెనక బల్లకు. గిన్నె బల్లలన్నీ తిరిగింది. ఆస్పత్రి పెద్దాయన దాకా పోయింది. ఆయన మాంసం తినడట, నా బల్ల మీది పెరుగు తెప్పించుకున్నాడు. గిన్నె నా దగ్గరికి తిరిగి వచ్చేసరికి అందులో ఒక కరివేపాకు ఉంది. అంతకు ముందు అక్కడ అన్నం రెండోసారి అడగడానికి భయపడినవాళ్లు ఇప్పుడు బల్లలు చరుస్తూ, "లోపలిది బయటికి తెండప్పా!" అని అరుస్తున్నారు.

ఆ గోలకు మా డ్రైవర్ ఏమైందోనని తెర తీసుకుని బయటికి వచ్చాడు, చేతిలో కోడి కాలుతో. ఇరవై ఫోన్లు ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. "ఏందప్పా, ఏందీ?" అని ఆయన కాలు ఊపుతూ అడగడం తర్వాత నాలుగు మండలాల జనం చూశారు.

ఓనర్ ముఖం ఎర్రబడింది. "రేపట్నుంచి మీ బస్సు ఈడ ఆపొద్దు! ఆపితే ఊరుకోను!" అని కేక వేశాడు.

మేస్త్రీ చేతులెత్తి దండం పెట్టాడు. "నీ నోట్లో చక్కెర పొయ్య సామీ. ఆ మాట మీద నిలబడు."

నిలబడ్డాడు. మెస్సు ముసలాయనకు బస్సు వచ్చింది, నాకు మెమో వచ్చింది. ప్రయాణికులను రెచ్చగొట్టి ఒక వ్యాపార సంస్థకు అసౌకర్యం కలిగించినందుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో రాయమన్నారు. ఇంతలో వీడియో గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. కొందరు కండక్టరమ్మకు జేజేలు అని రాశారు. ఇంకొందరు, ఇన్నేళ్లు తిన్నదంతా కక్కించండి అని రాశారు. రెండోవాళ్ల మాటే నాకు సబబుగా తోచింది గానీ, మెమోకు జవాబులో అలా రాయకూడదని యూనియన్ వాళ్లు చెప్పారు.

డ్రైవర్‌ను కూడా పిలిచి వాంగ్మూలం రాయమన్నారు. ఆయన నా మీద కోపంగా ఉన్నాడు. ఆ వీడియో చూసి ఆయన మనవరాలు తాతకు "కోడికాలు తాత" అని పేరు పెట్టిందట. ఏం రాస్తాడోనని నేను వరండాలో బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను. ఉద్యోగం పోదు గానీ, ఇంక్రిమెంటు పోవచ్చు, సర్వీసు చివర్లో మచ్చ పడవచ్చు. ఆయన ఒక గంట కూర్చుని రాశాడు. తర్వాత డిపో మేనేజర్ నన్ను పిలిచి ఆ కాగితం చూపించాడు. ఒక్క వాక్యం: "భోజనం బాగలేదన్న మాట నిజమే, మాకు మాత్రం బాగుండేది."

"దీన్ని ఎవరికి అనుకూలంగా తీసుకోవాలమ్మా?" అని మేనేజర్ నన్నే అడిగాడు. పాపం, ఆయనకు పైనుంచి ఫోన్లు వస్తున్నాయి, కింది నుంచి వీడియోలు వస్తున్నాయి. చివరికి శిక్ష కాని శిక్ష ఒకటి వేశాడు. నన్ను కర్నూలు నుంచి నందికొట్కూరుకు తిరిగే బస్సుకు మార్చాడు. గంట కూడా పట్టని దారి, భోజనానికి ఆగేది లేదు. నన్ను ఇక ఏ హోటల్ దరికీ పోనివ్వకూడదన్నది ఆయన ముందుచూపు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. "నీ మాట విని ఈ గతి పట్టింది" అన్నాను. ఆమె వేరుశనగ కాయలు వొలుస్తూ తలెత్తలేదు. "నేను అన్యాలం అంటి. మెట్టు మీద నిలబడి ఉపన్యాసం చెప్పమని అంటినా?" అంది. మరునాటి నుంచి నాకు బాక్సు ఆమే కట్టింది.

మా డ్రైవర్ ఒకసారి నందికొట్కూరు బస్టాండులో కనబడ్డాడు. మెస్సు ముసలాయన కూడా బస్సుల తాకిడి చూసి వెనక ఒక గది వేయబోయాడట, డ్రైవర్లే అడిగారట. "నువ్వేం చేసినావన్నా?" అని అడిగాను. "ఏం చేస్తాను? మల్లా ఎవడన్నా ఫోన్ తీస్తాడని బయటనే కూసుంటాండా" అన్నాడు చిరాకుగా. నీతి ఏ దారిన వచ్చినా నీతే కదా అనుకున్నాను.

ఇక్కడితో నేను గెలిచినట్టే చెప్పి ముగించవచ్చు. చాలామంది రిటైరైనవాళ్లు అలాగే ముగిస్తారు. కానీ ఇంకొకటి జరిగింది.

ఒక రోజు మధ్యాహ్నం కర్నూలులో నా బస్సెక్కిన ఒకడు, "నందికొట్కూరు, ఒకటి" అని చెయ్యి చాపాడు. ఆ మాట తర్వాత, "అక్కా, బాగుండావా?" అన్నాడు. తువ్వాలు మనిషి. ఆ గొడవ తర్వాత హోటల్ వదిలేశాడట, ఇప్పుడు పెళ్లిళ్లలో వడ్డించే పనికి పోతున్నాడట. బస్సులో జనం తక్కువ. నేను పక్క సీట్లో కూర్చుని, ఎన్నాళ్ల నుంచో నాలో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"జనాన్ని ఎందుకట్ల కసురుకునేవాడివప్పా? లోపల మాతో బాగానే మాట్లాడేవాడివి కదా?"

ఆయన నవ్వాడు. "ఓనర్ చెప్పినాడక్కా. మంచిగా మాట్లాడితే మల్లా అన్నం అడుగుతారు, కసురుకుంటే లేచి పోతారు అని. నేను మొదట్లో మంచిగానే వడ్డిస్తాంటి. పని నుంచి తీసేస్తా అనె. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లోళ్లు. ఇంగేం చేస్తాం, నేర్చుకుంటి."

నేనూ ఒక విద్య నేర్చుకున్నదాన్నే కాబట్టి ఆయన్ను తప్పుపట్టబుద్ధి కాలేదు. "పోనీ, లోపలి గది కూడు నువ్వన్నా బాగా తినింటావు" అన్నాను.

"నేనా?" అని నా ముఖంలోకి చూశాడు, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని. "అది మీకక్కా. మాకు బస్సులన్నీ పోయినాక బయటి బకెట్లో మిగిలింది. ఆ కోడి రుచి ఎట్లుంటాదో నాకు తెల్దు. వాసన తెలుసు."

ఆరేడేళ్లు ఆ చేత్తో వేసిన ముక్కలు తిన్నాను. "నువ్వు తింటివా?" అని ఒక్క రోజు అడగలేదు. బయట కూర్చున్న నలభైమంది గురించి మెట్టు మీద నిలబడి చెప్పినప్పుడు కూడా ఈ నలభై ఒకటో మనిషి నా లెక్కలో లేడు. వీడియోలో ఆయన దుర్మార్గుడు, నేను ధర్మాత్మురాలిని.

దిగేముందు ఆయన, "ఎల్లుండి ఈడ కల్యాణ మంటపంలో పెండ్లి ఉండాది. నేనే వడ్డించేది. రాక్కా" అన్నాడు.

"ఎవరి పెండ్లికి నన్ను పిలుస్తాండావప్పా?"

"ఎవరిదైతే ఏముంది? పంక్తులన్నీ లేచినాక మేం తింటాం. మాతో తిను."

వెళ్లాను, డ్యూటీ దిగి, ఖాకీలోనే. మధ్యాహ్నం మూడు దాటింది. పెళ్లివారు ఫొటోల్లో మునిగి ఉన్నారు. వంటవాళ్లు, గిన్నెలు కడిగే ఆడవాళ్లు, వడ్డించేవాళ్లు షామియానా వెనక చాప మీద వరసగా కూర్చున్నారు. అన్నం చల్లారింది, వంకాయ కూర అడుగంటింది, అప్పడాలు మెత్తబడ్డాయి. ఆయన అలవాటుగా బకెట్ అందుకోబోతే నేను లాక్కుని, "ఈ రోజు నువ్వు కూసో" అన్నాను. ఆయన మొహమాటపడుతూ కూర్చున్నాడు.

నాకు టిక్కెట్లు కొట్టడం వచ్చు గానీ వడ్డించడం రాదు. మొదటి గరిటె సాంబారే ఆయన తెల్ల చొక్కా మీద పోశాను.

"కండ్లు కనపల్లేదా? చూసి పొయ్యి!" అని కసిరాడు, ఆనక నాలుక కరుచుకున్నాడు. చాప మీద అందరూ పడి పడి నవ్వారు. నేను మాత్రం తల వంచుకుని, "తప్పయిపాయన్నా" అని రెండో గరిటె జాగ్రత్తగా పోశాను.